హెలెన్ మేడమ్ శనివారాలు

హెలెన్ మేడమ్‌కు కోపం వస్తే అరవదు. కళ్ళజోడు తీసి, కొంగుతో రెండు అద్దాలూ తుడిచి, మళ్ళీ పెట్టుకుంటుంది. అంతే. ఆ తర్వాత ఎదురుగా ఉన్నవాడికి మూడిందన్నమాటే. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఆవిడది నాలుగో కిటికీ, నాది ఐదో కిటికీ. పందొమ్మిదేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం కాబట్టి ఆ అద్దాలు తుడవడం నేను చాలాసార్లు చూశాను. గత ఏడాది ఒకే సోమవారం నాడు నాలుగుసార్లు తుడిచింది. ఈ కథ ఆ సోమవారానిదీ, ఆ తర్వాత వచ్చిన శనివారాలదీ.

ఆవిడది బాపట్ల వైపు. తండ్రి చర్చిలో ఉపదేశి. పెళ్ళయి తార్నాక వచ్చి ముప్పై ఏళ్ళు. భర్త రత్నకుమార్ గారు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నోట్లో నాలుక లేని మనిషి, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తారు, మిగతా ఆరు రోజులూ ఆవిడ చెప్పింది చేస్తారు. పిల్లల్లేరు. వీధి చివర రెండు గదుల ఫ్లాటు, బాల్కనీలో నాలుగు కుండీలు, అంతే సంసారం.

పనిలో ఆవిడకు రెండు పట్టుదలలు. ఒకటి, ఏ దరఖాస్తు వచ్చినా కింది నుంచి పైకి చదువుతుంది. షరతులన్నీ అడుగునే దాక్కుంటాయట. రెండోది, కవరు పారేయదు. కాగితం ఏ తేదీన రాశామని ఎవడైనా రాసుకోవచ్చు, కవరు మీది తేదీ మాత్రం అబద్ధం చెప్పదు అంటుంది. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి ఎలా మోసపోయిందని అడుగుతారేమో. ఆవిడ మోసపోలేదు. అసలు బాధంతా అక్కడే ఉంది.

తార్నాక సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టే చోట ఒక అట్టపెట్టె పెట్టారు. పేరు, ఫోను నంబరు రాసి కూపన్ వేస్తే లక్కీ డ్రా. రత్నకుమార్ గారు వేశారు. వారానికల్లా ఫోను వచ్చింది. వికారాబాద్ అవతల అడవి పక్కన రిసార్టు, దంపతులకు మూడు పగళ్ళు, రెండు రాత్రులు, భోజనంతో సహా మూడు వేల లోపే. ఒక్కటే షరతు, శనివారం మధ్యాహ్నం తొంభై నిమిషాలు కూర్చుని వాళ్ళు చెప్పేది వినాలి.

మేడమ్ దాన్ని లంచ్ టైములో నా ముందే తూకం వేసింది. పాత జవాబు పత్రం వెనుక గీతలు గీసి, ఒక వైపు మామూలు గది అద్దె, భోజనం, ఇంకో వైపు వాళ్ళ రేటు, బస్సు చార్జీలు రాసింది. ఆ తొంభై నిమిషాల్లో వాళ్ళు పాతికేళ్ళ మెంబర్‌షిప్ అంటగట్టడానికి చూస్తారని ఆవిడకు ముందే తెలుసు. ఏటా ఒక వారం రిసార్టులో గది మీదే అంటారు, లక్షలు ముందే కట్టించుకుంటారు. కొనకపోతే ఏం పోతుంది అంది. రెండు గంటల ప్రసంగాలు పుట్టినప్పటి నుంచీ వింటున్న మనిషిని, చర్చిలో కూర్చున్న నాకు గంటన్నర ఒక లెక్కా అంది. నేను కూడా వెళ్ళి రమ్మన్నాను.

తొంభై నిమిషాలు మూడుంపావు గంటలయ్యాయి. ఆవిడ ఆరుసార్లు వద్దంది. ఆరోసారి వాళ్ళే అలసిపోయి వోచరు చేతిలో పెట్టారు. రిసార్టు నిజంగానే బాగుందట. రత్నకుమార్ గారు జీవితంలో మొదటిసారి ఈతకొలనులో దిగారట. ఆ ఫొటో నాకు చూపిస్తూ మేడమ్ చిన్నపిల్లలా నవ్వింది.

ఇక్కడే తప్పు జరిగింది. వాళ్ళ చర్చిలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే వాడుక ఉంది. జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, పిల్లవాడు పరీక్ష పాసైనా లేచి నిలబడి దేవుడు మాకు ఈ మేలు చేశాడని అందరి ముందూ చెబుతారు. మేడమ్ లేచింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మేమిద్దరం ఎక్కడికీ వెళ్ళలేదు, అడగకుండానే దేవుడు మాకు విశ్రాంతి ఇచ్చాడు, ఆ కంపెనీ పిల్లలు ఎంతో మర్యాదగా చూశారు అని చెప్పి కూర్చుంది. మూడుంపావు గంటల సంగతి చెప్పలేదు. ఆరుసార్లు వద్దన్న సంగతి చెప్పలేదు. సాక్ష్యంలో మేలు చెబుతారు గానీ బేరం చెప్పరు కదా. దేవుడిచ్చాడని నోటితో అన్నాక, సేల్స్‌మ్యాన్‌తో పోట్లాడి తెచ్చుకున్నానని ఎలా అంటారు?

వింటున్నవాళ్ళలో సుకన్యగారు ఉన్నారు. ముషీరాబాద్‌లో ఒక బాలికల హాస్టల్‌కు వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. భర్త ఎలీషాగారు పోయి నాలుగేళ్ళు. మేడమ్ కంటే ఆరేళ్ళు పెద్ద. మేడమ్ కొత్తకోడలిగా ఈ ఊరు వచ్చినప్పుడు బియ్యం ఎక్కడ కొనాలో, ఏ బస్సు ఎక్కాలో నేర్పింది ఆమే. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, ఆపరేషన్ కోసం డబ్బు దాచుకుని, డాక్టరు తేదీ కోసం చూస్తున్నారు.

ఒంటరి ఆడవాళ్ళను ఈ కంపెనీవాళ్ళు మామూలుగా పిలవరు, భార్యాభర్తలు కావాలంటారు. కానీ సుకన్యగారు కూపన్ వేసి, ఫోన్లో పెన్షన్ వస్తుందని చెప్పగానే నియమం మారిపోయింది. నడవలేనంటే ఇంటికి కారు పంపారు. చేయి పట్టుకుని లిఫ్టు ఎక్కించారు. మీ తర్వాత ఇది మీ చెల్లెలి పిల్లలకు చెందుతుంది, ఏడాదికోసారి అందరూ ఒకచోట కలుస్తారు అన్నారు. నలభై ఏళ్ళు పరాయి పిల్లలకు గంట కొట్టి అన్నం పెట్టిన మనిషి. తన వాళ్ళంతా ఒక్క చోట వారం రోజులు ఉంటారనేసరికి కరిగిపోయారు. మోకాళ్ళ డబ్బు మూడు లక్షల ఎనభై వేలూ ఆ సాయంత్రమే కట్టేశారు.

తర్వాత ఏ తేదీ అడిగినా గదులు ఖాళీ లేవన్నారు. పైగా ఏటా కట్టాల్సిన నిర్వహణ ఖర్చు అంటూ ఇంకో బిల్లు వచ్చింది. సిగ్గుపడి ఏడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం చర్చి మెట్ల మీద దిగలేక ఆగిపోతే, ఆపరేషన్ ఎప్పుడక్కా అని మేడమ్ అడిగిందట. అప్పుడు బయటపడింది.

"నువ్వు సాక్ష్యం చెప్పావు కదా హెలెనూ, అందుకే చదవకుండా పెట్టాను సంతకం" అన్నారట ఆమె.

నేను చెప్పిన సోమవారం ఆ మర్నాడే. అద్దాలు నాలుగుసార్లు తుడిచింది. నేను కదిలించలేదు, భయమేసింది. సాయంత్రం అయిదు దాటాక సుకన్యగారి ఒప్పంద పత్రం బల్ల మీద పరిచి, చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చింది. పదకొండో పేజీ దగ్గర వేలు ఆగింది. సంతకం పెట్టిన పది రోజుల లోపు లిఖితపూర్వకంగా వద్దంటే మొత్తం డబ్బు వాపసు అని చీమంత అక్షరాల్లో ఉంది. ఆ పత్రం ఇంటికి ఎప్పుడొచ్చిందని ఫోను చేసి అడిగింది. సుకన్యగారికి గుర్తు లేదు. కవరు ఉందా అని అడిగింది. ఉంది, గ్యాసు బిల్లులు దాచుకోవడానికి వాడుతున్నారు. దాని మీద కొరియర్ తేదీ చూస్తే పదహారో రోజు. అంటే గడువు ఉందని చెప్పే కాగితం గడువు దాటాక చేతికి వచ్చింది. ఇది పొరపాటు కాదు. దొంగబుద్ధి.

వాళ్ళ ఆఫీసు సికింద్రాబాద్‌లో. మేడమ్‌తో నేనూ వెళ్ళాను. మేనేజరు బాలరాజు అనే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, చల్లని నీళ్ళిచ్చి, కవరు చూసి, పత్రం చూసి, చేతులు జోడించాడు. గడువు సంతకం నాటి నుంచే లెక్క అన్నాడు. కాపీ కావాలంటే ఆమె అడగాల్సింది అన్నాడు. మేడమ్ ఉత్తరం తీసి, అందినట్టు సీలు వేసి ఇమ్మంది. మా దగ్గర అలాంటి సీలు ఉండదు, మెయిల్ చేసుకోండి అన్నాడు. మూడుసార్లు వెళ్ళాం. మూడోసారి మాత్రం నవ్వు తీసేసి చెప్పాడు.

"లాస్ట్ డేట్ అయిపోయింది మేడమ్. రూల్ అంటే రూలే కదా. మీరు యూనివర్సిటీల పనిచేస్తరు, మీకు నేను చెప్పాల్నా?"

నా ఒళ్ళు మండిపోయింది. లాస్ట్ డేట్ అయిపోయింది అనే మాట మేము రోజుకు ఇరవైసార్లు అనేదే. కానీ మేము ఆ తేదీని నెల ముందు గోడకు అంటిస్తాం, గడువు దాటాక కొరియర్‌లో పంపం. మేడమ్ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపింది. తెలిసిన లాయరును అడిగితే, కేసు గట్టిదే గానీ తేలడానికి ఏడాదన్నా పడుతుందన్నాడు. ఏడాది పాటు సుకన్యగారు ఆ మోకాళ్ళతో ఏం చేయాలి?

మూడోసారి సికింద్రాబాద్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడమ్ ఆ సీలు పడని ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్టుగూడ దాటాక అంది.

"వీళ్ళను నేను వదలను పూర్ణిమా. ప్రార్థన చేసుకునే చెబుతున్నాను."

"క్షమించమని ఉంటది కద మేడమ్ మీ దాంట్ల?" అన్నాను, ఉడికిద్దామని.

"ఉంది. డబ్బులిచ్చాక క్షమిస్తాను."

అలా మొదలయ్యాయి శనివారాలు. తార్నాకలో మెట్రో పిల్లర్ల పక్కన ఒక హోటల్ మూడో అంతస్తులో ఆ కంపెనీవాళ్ళు ప్రతి శనివారం హాలు తీసుకుంటారు. ముప్పై బల్లలు, బల్లకో జంట, జంటకో కుర్రవాడు. ఎవరైనా సంతకం పెట్టగానే మైకులో ఫలానా వారి కుటుంబానికి అభినందనలు అని చెబుతారు, డప్పుల మ్యూజిక్ వేస్తారు, హాలంతా చప్పట్లు కొట్టాలి, ఒక బుడగ చేతిలో పెడతారు. పక్క బల్లవాళ్ళకు మనమే వెనకబడ్డామా అనిపించాలని ఆ ఏర్పాటు. ఆ చప్పట్లనే మేడమ్ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆఫర్లకు కొదవ లేదు. జ్యూసు షాపులో అరకు కూపన్, పెట్రోలు బంకులో గోవా కూపన్, బట్టల షాపులో ఊటీ కూపన్. మనుషులు ఏ ఆఫరు మంచిదా అని చూసుకుని వేస్తారు. ఆవిడ దేనికి తొందరగా పిలుస్తారో చూసుకుని వేసింది, రత్నకుమార్ గారి తమ్ముడి నంబరుతో ఒకటి, నా నంబరుతో ఒకటి. రత్నకుమార్ గారికి అబద్ధం ఆడటం చేతకాదు. అందుకని ఏమడిగినా 'మా ఆవిడను అడగండి' అనే ఒక్క మాటే అనమని తర్ఫీదు ఇచ్చింది. అది ఆయనకు ఎలాగూ అలవాటే.

రెండో శనివారం ఆవిడ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి పేరు హరిచందన అట. పాపం, కొత్తగా చేరింది. అంతా చెప్పించుకుని, తల ఊపి, ఆఖరున మేడమ్ ఆ అమ్మాయిని ఒక సాయం అడిగింది. నాకు కళ్ళు సరిగా ఆనవు తల్లీ, ఆ పదకొండో పేజీ కాస్త గట్టిగా చదివి పెట్టు అంది. మ్యూజిక్ హోరులో ఆ అమ్మాయి గొంతెత్తి చదవాల్సి వచ్చింది. పది రోజుల్లో వాపసు అనే మాట చుట్టూ ఉన్న అయిదారు బల్లలకు వినిపించింది. అందరూ పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. ఈ కాపీ ఈ రోజే చేతికిస్తారా అని ఒకాయన అడిగాడట. ఇవ్వం, కొరియర్‌లో వస్తుంది అన్నారు. ఆయన లేచి వెళ్ళిపోయాడు. మామూలుగా పది దాటే చప్పట్లు ఆ మధ్యాహ్నం నాలుగే మోగాయి. సోమవారం మేడమ్ నాకు ఆ నాలుగు అనే అంకె కాగితం మీద రాసి చూపించింది. నేను ఆ రోజు ఇద్దరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను.

మూడో శనివారం గుర్తుపట్టి తలుపు దగ్గరే ఆపేశారు. సరే అని మేడమ్ కిందికి దిగింది. క్యాంపస్‌లో జిరాక్సు షాపు సామేలు దగ్గర పదకొండో పేజీ రెండు వందల కాపీలు తీయించాం, ఆ షరతు కింద ఎర్ర గీత గీశాం, ఫుట్‌పాత్ మీద నిలబడి పైకి వెళ్ళే ప్రతి జంట చేతిలో పెట్టాం. ఇక్కడి నుంచి నేనూ ఉన్నాను. మేడమ్ నెమ్మదిగా చెబుతుంది, నేను మెట్ల మీదికి వినబడేలా చెబుతాను. హోటల్ సెక్యూరిటీ వచ్చి వెళ్ళిపొమ్మంటే, ఫుట్‌పాత్ మీ హోటల్‌దా అని అడిగాను. అతను మా వరంగల్ వైపువాడే. పేపరు ఒకటి అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో శనివారం ఒక కుర్రవాడు కిందికి వచ్చాడు. టై, మెడలో కార్డు. సాయితేజ. సుకన్యగారి చేత సంతకం పెట్టించింది ఇతనే. మా యూనివర్సిటీలోనే ఎంబీఏ చదివాడు. మేడమ్‌ను చూసి ముందు నమస్కారం పెట్టాడు.

"మేడమ్, నాకు నెలకు ఎనిమిది సైన్‌లు కావాలె. మీరు గిట్ల నిలబడితే నా నౌకరీ పోతది" అన్నాడు.

మేడమ్ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది.

"నీ సర్టిఫికెట్ మీద సీలు వేసింది నేనే బాబూ. సుకన్యగారింటికి కారు పంపింది నువ్వేనా?"

"నేనే మేడమ్."

"ఆమె నడవలేదని తెలిసే పంపావు."

అతను మెడలో కార్డు తిప్పుకుంటూ మెట్ల వైపు చూశాడు.

"అయితే పోనీ, నీ ఉద్యోగం" అంది మేడమ్, పక్కన వెళుతున్న జంటకు పేపరు అందిస్తూ.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ మాట వినగానే నాకు ప్రాణం హాయిగా అనిపించింది. అతను మెట్లెక్కి వెళ్ళిపోతుంటే జాలి పడాలని కూడా తోచలేదు. జాలిపడవలసిన మనిషి ముషీరాబాద్‌లో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

ఆరో శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పై నుంచి ఒక్క డప్పు కూడా వినబడలేదు. చప్పట్లూ లేవు. ఆ సోమవారం బాలరాజు మా యూనివర్సిటీకి వచ్చాడు. నేరుగా లోపలికి రాబోతే, కిటికీ దగ్గర లైనులో రమ్మంది మేడమ్. సప్లిమెంటరీ పిల్లల మధ్య గంటన్నర నిలబడ్డాడు. ఇంకా ఇద్దరున్నారనగా ఒకటిన్నర అయింది, మేడమ్ లంచ్ అని కిటికీ మూసింది. నేను టిఫిను డబ్బా ఇంత రుచిగా ఎన్నడూ తినలేదు.

రెండున్నరకు అతను తన మాట చెప్పాడు. సుకన్యగారికి మొత్తం డబ్బు వాపసు. దానికి ఒక కాగితం మీద సుకన్యగారు, మేడమ్, రత్నకుమార్ గారు సంతకాలు పెట్టాలి. ఇకపై వాళ్ళ హోటల్ దగ్గరికి రాకూడదు, పేపర్లు పంచకూడదు, ఈ సంగతి ఎక్కడా ఎత్తకూడదు. నెలాఖరు దాకా టైము.

నేను మేడమ్ వైపు చూశాను, పెన్ను తీస్తుందని. ఆలోచించి చెబుతాను అంది.

అతను వెళ్ళాక ఇంక ఆలోచించేదేముందని అడిగాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఇంకొక్క శనివారం పూర్ణిమా, ఒక్కటే అంది. ముందు శనివారం హాలంతా మూగబోయింది కదా, ఆ నిశ్శబ్దం మళ్ళీ ఒకసారి వినాలని ఆవిడకు. నాకు మాత్రం లేదా? నేనూ ఆపలేదు. ఆ శనివారం వెళ్ళాం. ఆ తర్వాతి శనివారమూ వెళ్ళాం. సుకన్యగారికి ఈ మాట ఇంకా చెప్పలేదని నాకు తెలుసు. తెలిసీ పేపర్లు పంచాను.

ఆమెకు చెప్పలేదన్న సంగతి రత్నకుమార్ గారికి తెలియదు. ఆదివారం ఆరాధన అయ్యాక కీబోర్డుకు గుడ్డ కప్పుతూ, డబ్బు ఏ తేదీకి వస్తుందట వదినా అని సుకన్యగారిని మామూలుగా అడిగారట.

మర్నాడు పదకొండు గంటలకు సుకన్యగారు మా ఆఫీసుకు వచ్చారు. మేము మొదటి అంతస్తు. లిఫ్టు లేదు. ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో ఎవరో విద్యార్థి భుజం. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, ఆగి, మళ్ళీ ఒక్కో మెట్టు. పిల్లలు లైను విడగొట్టి దారి ఇచ్చారు. లోపలికి రమ్మని నేను తలుపు తెరిచాను, రాలేదు. నాలుగో కిటికీ ముందే, అందరూ నిలబడే చోటే నిలబడ్డారు. మొహం చెమటతో తడిసిపోయింది.

"రెండు వారాలైందటగా. నా డబ్బు కోసం నిలబడ్డావా హెలెనూ, నీ కోపం కోసం నిలబడ్డావా?"

మేడమ్ చేయి కళ్ళజోడు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మొదట నీ కోసమే అక్కా."

"తర్వాత?"

"తర్వాత నాకే తెలియలేదు."

సుకన్యగారు కిటికీ చెక్క పట్టుకుని ఊపిరి తీసుకున్నారు.

"సాక్ష్యం చెప్పిన రోజు నాకు సగమే చెప్పావు. ఇప్పుడు ఆ సగమూ చెప్పలేదు. నీకు పగ తీరేదాకా ఆగడానికి మోకాళ్ళు నీవి కావు, నావి."

మేడమ్ ఏడ్చింది. పందొమ్మిదేళ్ళలో నేను చూడటం అదే మొదలు. విద్యార్థులు చూస్తున్నారని కూడా ఆగలేదు. నేను తల వంచుకుని నా బల్ల మీది దరఖాస్తులు సర్దుకుంటూ కూర్చున్నాను, ఎందుకంటే ఆ మాటల్లో సగం నాకు కూడా తగిలాయి. మేడమ్ సెలవు చీటీ రాసి, అప్పటికప్పుడు ఆటో మాట్లాడి, సుకన్యగారిని కూర్చోబెట్టుకుని సికింద్రాబాద్ వెళ్ళింది. రత్నకుమార్ గారిని అక్కడికే రమ్మంది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. మేడమ్ సంతకం పెడుతుంటే బాలరాజు నవ్వాడట. ఆ సంగతి ఆవిడ చాలా రోజుల తర్వాత చెప్పింది.

ఇరవై రెండు రోజులకు డబ్బు బ్యాంకులో పడింది. ఆపరేషన్లు రెండూ అయ్యాయి. ఇప్పుడు సుకన్యగారు చర్చి మెట్లు తనంతట తాను ఎక్కుతున్నారు. మేడమ్‌తో బాగానే మాట్లాడతారు. అయితే ఇంటికి రమ్మని పిలవడం మానేశారు. పండక్కి కేకు మాత్రం రత్నకుమార్ గారి చేతికి ఇచ్చి పంపుతారు. మేడమ్ ఆ కేకు ఆఫీసుకు తెచ్చి నాకు పెడుతుంది, తాను తినదు.

సంతకమంటే ఆవిడకు సంతకమే. ఆ హోటల్ ముందు నుంచి నడవాల్సి వస్తుందని శనివారం కూరగాయలకు వేరే వీధి నుంచి తిరిగి వెళుతుంది. కూపన్ల పెట్టె కనబడితే మొహం తిప్పుకుంటుంది. కంపెనీ మాత్రం హాయిగా ఉంది. నెల తిరగకుండానే డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఒక శనివారం నేను మెట్రో దిగి వస్తుంటే, పై నుంచి చప్పట్లు కింద ఫుట్‌పాత్ దాకా వినబడ్డాయి. కాసేపటికి ఒక జంట దిగింది. విద్యార్థులకు మెస్ నడిపేవాళ్ళు, నాకు మొహాలు తెలుసు. తెల్లవారకుండా లేచి రెండు వందల మందికి వండే మనుషులు. ఆయన చేతిలో ఫైలు లేదు, ఆమె చేతిలో బుడగ ఉంది. కాగితాలు కొరియర్‌లో వస్తాయని చెప్పి ఉంటారు.

అక్కడే ఆపి వాళ్ళకు పది రోజుల సంగతి చెప్పాను. సోమవారమే వెళ్ళి వద్దని రాసి ఇమ్మన్నాను. తర్వాతి శనివారం సామేలు దగ్గర మళ్ళీ రెండు వందల కాపీలు తీయించి, ఒక్కదాన్నే వచ్చి నిలబడ్డాను. మేడమ్‌కు చెప్పలేదు. చెబితే ఆవిడ సంతకం మీదికి వస్తుంది. సుకన్యగారి మాటలు మర్చిపోలేదు, రాత్రంతా వాటినే తలుచుకున్నాను. కానీ నా కోపానికి ఎవరి మోకాళ్ళూ తాకట్టు లేవు.

అరగంటలో సాయితేజ దిగి వచ్చాడు. ఉద్యోగం పోలేదు, మెడలో కార్డు రంగు మారింది, టీమ్ లీడర్ అట. చేతిలో ఆ ఒప్పంద కాగితం ఫొటో ఉన్న ఫోను. మళ్ళీ గిట్ల రామని రాసిచ్చిండ్రు కద మేడమ్ అన్నాడు. కళ్ళు పెట్టి చదువుకో, ముగ్గురి పేర్లున్నయి, అందులో నా పేరు చూపించు అన్నాను. అతను ఫోను పెద్దది చేసి, కిందికీ పైకీ జరిపి, చాలాసేపు చూశాడు. పక్కకు వెళ్ళి బాలరాజుతో మాట్లాడి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"సార్ అడుగుతున్నడు మేడమ్. మీకేం కావాలె? మీ వాళ్ళవి ఎవరివన్నా పైసలున్నయా? చెప్పుండ్రి, సెటిల్ చేద్దాం."

"నాకు మీరియ్యాల్సింది ఏం లేదు తమ్ముడూ" అన్నాను. "గదే మీ కష్టం."

ఆటో దిగుతున్న ఒక జంటను చూసి, కాపీ తీసుకుని వాళ్ళ వైపు నడిచాను.